బిగించని రింగు

నేరేడుచర్ల దాటాక కాల్వ మలుపులో నిఖిల్ ఎర్రకారు అదుపు తప్పి సైదయ్య షేర్ ఆటోను గుద్దింది. ఆ కబురు సూర్యాపేటకు చేరేటప్పటికి దాని వెంట ఇంకో మాట కూడా వచ్చింది. "ముందు స్ప్రింగులు మార్చింది బైపాసు కాడి మెకానిక్ సంగీత షాపులనేనంట." అంతే, షాపు ముందు ఆగే బండ్లు ఆగడం మానేశాయి. సైదయ్య కాలు విరిగి మిర్యాలగూడ దవాఖానలో ఉన్నాడు. నిఖిల్ తండ్రి గోపాల్‌రెడ్డి పోలీసు స్టేషన్‌లో సంగీత పేరే చెబుతానని ఫోన్లో తేల్చేశాడు. "ఒక్కసారి ఆ కారు నా కండ్లతోని సూడనియ్యుండ్రి సార్, ఆ తర్వాత మీరేమన్నా పడత" అని ఆమె బతిమాలింది. పెద్దాయన సరేనన్నాడు. అలా ఆ పొద్దున సంగీత, ఆమె భర్త రాజ్‌కుమార్ బైకు మీద మిర్యాలగూడలోని గోపాల్‌రెడ్డి రైస్ మిల్లుకు వచ్చారు.

మిల్లు ఆవరణంతా ఊక దుమ్ము. లోపల మిషన్లు ఆడుతుంటే నేల సన్నగా అదురుతోంది. వడ్ల లారీలు గేటు బయట వరుసగా నిలబడి ఉన్నాయి. ఎర్రకారును రేకుల షెడ్డు కింద పెట్టారు. ముందు అద్దం పగిలి, బానెట్టు ముడుచుకుపోయి, ఎడమ ముందు చక్రం లోపలికి ఒరిగిపోయి, మోకాలు విరిగిన దున్నలా కూలబడి ఉందది.

సంగీత కొంగు నడుముకు చుట్టుకుంది. సంచిలోంచి జాకీ తీసి కారు కిందకు తోసింది. మామూలుగా అయితే ఆమె చెయ్యి చాపేలోపే రాజ్‌కుమార్ పానా అందించేవాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆ అలవాటు ఎన్నడూ తప్పలేదు. ఇవాళ అతను గేటు దగ్గర కుళాయి కాడే నిలబడిపోయాడు. నీళ్ల సీసా నింపుకోవడానికి అంత సేపు ఎందుకు పడుతోందో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగు రోజులుగా అంతే. అన్నం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తిని లేచిపోతాడు. ఎక్కడికో బైకు తీసుకుపోతాడు, గంటకు వస్తాడు, ఎక్కడికి పోయావంటే ఊరికే అంటాడు. షాపుకు పడిన మచ్చకు బాధపడుతున్నాడనే అనుకుంది సంగీత. తన బాధలో తానుండి అంతకన్నా ఆలోచించలేదు.

"ఏందమ్మా, ఇంకెంతసేపు?" కుర్చీలోంచే అడిగాడు గోపాల్‌రెడ్డి. తెల్లబట్టలు, చేతిలో రెండు ఫోన్లు. ఆయన పక్కన నిఖిల్ తలకు పట్టీతో తల దించుకుని నిలబడ్డాడు.

కాస్త అవతల బియ్యం బస్తాల మీద సైదయ్య భార్య లింగమ్మ కూర్చుని ఉంది. మొగుడికి అన్నం పెట్టి, ఖాళీ టిఫిన్ డబ్బాతో దవాఖాన నుంచి తిన్నగా ఇటే వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. కారు చూడటానికి మెకానిక్ వస్తోందని తెలిసి తనే వచ్చి కూర్చుంది.

"నాకు ఎవల మీదా కోపం లేదు బిడ్డా" అంది లింగమ్మ, సంగీత తనవైపు చూడగానే. "కానీ ఎట్లయిందో చెప్పేటోళ్లు ఒక్కలు లేరు. ఆయన మంచం మీద పండి అదే అడుగుతుండు. నేను నా పక్కకే ఉన్న గదనే, నా తప్పేముందే అని. రాత్రంతా గదే మాట. నేనేం చెప్పాలె?"

సంగీత కారు వైపు తిరిగింది. చక్రం విప్పడం మొదలుపెట్టింది.

కంపెనీ నుంచి వచ్చిన కారులో ముందు స్ప్రింగు కూర్చునే పళ్లెం కదలదు. నిఖిల్ హైదరాబాదు నుంచి తెప్పించుకున్నవి అలాంటివి కావు, బయటి రకం. వాటిలో షాకబ్జర్ గొట్టం పొడవునా మరలుంటాయి. స్ప్రింగును మోసే రింగు ఆ మరల మీద తిరుగుతుంది. పైకి తిప్పితే కారు ముందు భాగం లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. కావలసిన ఎత్తున దాన్ని ఆపి, దాని కింద ఇంకో రింగును కొక్కెం పానాతో గట్టిగా బిగించాలి. ఆ లాక్ రింగు బిగిసి ఉన్నంతకాలం పైది కదలదు. అది వదులుగా ఉంటే మాత్రం గుంత పడినప్పుడల్లా పై రింగు ఇంత ఇంత జారిపోతుంది. కారు ఒక పక్కకు కుంగుతుంది. మలుపు తిప్పినప్పుడు టైరు పోయి లోపలి రేకుకు ఒరుసుకుంటుంది.

స్ప్రింగులు మార్చిన రోజు నిఖిల్ ఎంత పోరు పెట్టాడో ఆమెకు గుర్తే. "ఇంకా దించక్కా, టైరుకు పైరేకుకు నడిమిట్ల వేలు కూడా దూరొద్దు" అన్నాడు. "మీ కాల్వ రోడ్లకు ఇదే ఎక్కువ, ఇంతకన్న దించితే నేను చెయ్య" అని ఆమె కచ్చితంగా చెప్పింది. రెండు రింగులు బిగించి, ఎప్పటిలాగే రింగు మీదుగా గొట్టం మీదికి పసుపు రంగుతో ఒక గీత గీసింది. రింగు కదిలితే గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

చక్రం బయటికొచ్చింది. టైరు లోపలి పక్క బ్లేడుతో చెక్కినట్టు అరిగి, ఒకచోట జానెడు మేర చీలి ఉంది. సంగీత మోకాళ్ల మీద వంగి చూసింది. గొట్టం మీద పసుపు గీత అలాగే ఉంది. గీత కింద రింగు లేదు. రింగు చాలా కిందికి దిగి ఉంది. దాని అడుగున లాక్ రింగును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పింది. తిరిగింది.

కుడి పక్కకు పోయి చూసింది. అదీ దిగే ఉంది. లాక్ రింగు అక్కడా బిగిసి లేదు, కాకపోతే ఇంకా అంత జారలేదు.

ఒళ్లంతా ఒక్కసారి తేలికైనట్టయింది ఆమెకు. తన చేతి పని కాదు. ఇన్ని రోజులు పడ్డ మాటలు, నిద్రపోని రాత్రులు, అన్నీ ఒక్క పెట్టున దిగిపోయాయి. చేతులు తుడుచుకుని లేచింది.

"నేను పెట్టిన ఎత్తు ఇది కాదు సార్. ఇగో, నా గీత ఇక్కడుంది, రింగు అక్కడుంది. నా తర్వాత ఎవలో దించిన్రు. దించి, లాక్ రింగు బిగియ్యక ఇడిసిపెట్టిన్రు. అది జారింది, టైరు రేకుకు ఒరిసింది, మలుపుల పగిలింది. గంతే జరిగింది." నిఖిల్ వైపు తిరిగింది. "తమ్ముడూ, ఎవరితోని దింపిచ్చినవ్?"

నిఖిల్ కళ్లెత్తాడు. ఆ కళ్లు ఆమె దగ్గర ఆగలేదు. ఆమె భుజం మీదుగా గేటు వైపు పోయాయి.

సంగీత వెనక్కి తిరిగింది.

కుళాయి కింద రాజ్‌కుమార్ చేతిలో సీసా నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. అతను చూసుకోవడం లేదు.

"నేనే" అన్నాడు.

మిల్లు చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. పెదవుల కదలిక మాత్రం ఆమెకు కనపడింది. అది చాలు. కాళ్ల కింది నేల అదరడం అప్పుడే మొదలైనట్టు తోచింది ఆమెకు.

అతను దగ్గరికొచ్చాడు. "నువ్వు కోదాడకు సామానుకు పోయిన దినం ఇతను మళ్ల వచ్చిండు. అక్క చెయ్యనంటది, నువ్వన్న చెయ్యన్నా అన్నడు. అక్కను అడగకుండ నీ చేతుల ఏది కాదా అన్నడు..." మాట మింగాడు. "అయితదని చెప్పిన. ఒక్కపారన్న అయితదని చెప్పాలనిపించింది సంగీ. షాపుకు ఎవలొచ్చినా అక్క లేదా అంటరు. లేదంటే మళ్లొస్తమని పోతరు. నేను నీ పక్కన పానా అందిచ్చేటోన్ని. గా ఒక్క దినం నన్ను అడిగిండు, చేసిన."

"లాక్ రింగు?"

"కొత్త స్ప్రింగులు, దించినంక జర కూసుంటయి కద. ఒక దినం నడిపి తెల్లారి పట్కరా, ఎత్తు సరి చూసి అప్పుడు బిగిస్త అని చేత్తోనే తిప్పి ఇడిసిన."

"చేత్తోని తిప్పి రోడ్డు మీదికి పంపినవా!" సంగీత గొంతు ఎంత లేచిందంటే వాకిట్లో బస్తాలు మోసే హమాలీలు కూడా ఆగి చూశారు. "నాకెందుకు చెప్పలె? ఆటో గుద్దిన దినమన్న ఎందుకు చెప్పలె? నాలుగు దినాల సంది నేను ఏడుస్తుంటే పక్కన కూసోని సూస్తుంటివి గదా!"

రాజ్‌కుమార్ నీళ్ల సీసా నేల మీద పెట్టాడు.

గోపాల్‌రెడ్డి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "భలే ఉందమ్మా మీ సంసారం! ఇంట్ల ఇంత పని పెట్టుకొని మా పోరన్ని అడుగుతున్నవా? ఇగ స్టేషన్‌ల నీ పేరు, నీ మొగని పేరు రెండూ చెప్త."

"నాన్నా" అన్నాడు నిఖిల్. అంతసేపటికి అతని నోరు విడింది. "అన్న తెల్లారి రమ్మన్నడు. రెండుసార్లు ఫోన్ గూడ చేసిండు. దోస్తులతోని సాగర్ పోయేదుండె, నేనే పోలె. టైరు ఒరుస్తున్న చప్పుడు గూడ ఇన్న. పాట సౌండ్ పెంచిన."

గోపాల్‌రెడ్డి కొడుకు మొహంలోకి చూశాడు. ఆయన కోపం అక్కడే చల్లారి ఇంకో దారి పట్టింది. ఫోన్లు రెండూ జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించి సంగీత దగ్గరికి వచ్చాడు.

"సూడమ్మా, అయింది అయిపోయింది. మనలో మనం కొట్లాడుకుంటే ఏమొస్తది? బయటి సామాన్లు, గట్టివి కావు, నడిరోడ్డు మీద ఇరిగినయి అని చెప్పు. రింగును ఇప్పుడే ఒక దెబ్బ కొడితే ఇరుగుతది. నీ షాపుకు మాట రాదు, మావోనికి రాదు. సామాను చేసినోడు ఏడనో ఉంటడు, వాన్ని ఎవరు అడుగుతరు?"

ఆ మాటలో ఉన్న సుఖం సంగీతకు తెలియకపోలేదు. ఊరు నమ్ముతుంది. రేపు పొద్దున షట్టరు ఎత్తితే బండ్లు మళ్లీ ఆగుతాయి. ఇంట్లో మొగుడు పెళ్లాలు ఈ సంగతి నాలుగు గోడల మధ్యే తేల్చుకోవచ్చు. రాజ్‌కుమార్ ఆమె వంక ఆశగా చూడటం కూడా ఆమె గమనించింది.

బస్తాల మీద లింగమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, వాళ్ల మాటలు అర్థమయ్యీ కానట్టు ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది.

"సామాను ఇరగలే సార్" అంది సంగీత. ఆయనతో చెప్పి, లింగమ్మ దగ్గరికి నడిచి ఎదురుగా నేల మీద కూర్చుంది. "అక్కా, మీ ఆయనకు చెప్పు. ఆయన తన పక్కకే ఉన్నడు. ఆయన తప్పు ఈసమంత లేదు. మా షాపుల రింగు బిగియ్యకుండ కారును పంపిన్రు. నడిపిన పిల్లగాడు చప్పుడొస్తున్నా ఆపలే. రెండు తప్పులు కల్సి ఆయన మీద పడ్డయి. గీ మాట నేను స్టేషన్‌ల గూడ చెప్త."

లింగమ్మ డబ్బాను పక్కన పెట్టింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వే వచ్చి చెప్పు బిడ్డా. నేను చెప్తే నమ్మడు. నన్ను ఊకుంచేటందుకు అంటున్నవంటడు."

"వస్త. ఇప్పుడే వస్త పా."

గోపాల్‌రెడ్డి ఉమ్మడానికన్నట్టు పక్కకు తిరిగి, ఉమ్మకుండానే లోపలికి వెళ్లిపోయాడు. నిఖిల్ కదలలేదు. "నేను గూడ వస్త అక్కా" అని మాత్రం గొణిగాడు.

సంగీత పానాలు సంచిలో వేస్తోంది. రాజ్‌కుమార్ జాకీ అందుకోబోయాడు. ఆమె లాక్కుంది. "ముట్టకు." ఆ తర్వాత సంచి మూతి కడుతూ, అతని మొహం చూడకుండా అడిగింది. "ఇంకేమన్న దాసినవా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంకోపారి ఇట్ల వేరేటోళ్ల ముందట తెలుసుకునే ఓపిక నాకు లేదు."

'లేదు' అనే మాట వినడానికే ఆమె అడిగింది. ఆ మాట రాలేదు.

తలెత్తి చూసింది. రాజ్‌కుమార్ కళ్లు జాకీ మీదే ఉన్నాయి.

"మీ అన్న కారు" అన్నాడు.

"మా అన్న కారేంది?"

"ఎర్రకారు దించిన సాయంత్రమే పరశురాములు బావ వచ్చిండు. ముందుపక్క కిందికి ఉంది, ఊరి బాటకు అడుగు తగుల్తంది, ఎత్తమన్నడు. దానికి గూడ అసొంటియే కద మనం ఏసింది. ఎత్తిన. అది గూడ... తెల్లారి పట్కరమ్మన్న. బావకు పని పడ్డదంట, రాలె. ఆటో గుద్దినంక నాకు పాణం ఆగలే. రెండుసార్లు వాళ్లింటికి పోయిన బిగిచ్చొద్దమని. ఒకసారి కారు లేదు. ఇంకోసారి నువ్వు ఆడనే ఉంటివి. నీ ముందట బిగిస్తే ఎందుకని అడుగుతవ్. అడిగితే ఇదంత..."

సంగీత చేతిలోంచి సంచి జారింది. పానాలు నేల మీద గణగణ పడ్డాయి.

నిన్న సాయంత్రం అన్న ఇంటికి పోయినప్పుడు పరశురాములు కూతురు నిఖిత కొత్త బూట్లు వేసుకుని ఇల్లంతా గెంతింది. కోదాడలో కబడ్డీ సెలక్షన్లట. "పిల్ల ఆట నేను సూడనా?" అని తమ తల్లి ఐలమ్మ కూడా పోతానని పట్టుబట్టింది. తెల్లారి పొద్దున్నే బయల్దేరతామన్నారు. ఆ కారులోనే.

ఫోన్ తీసి అన్నకు కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపింది. మళ్లీ అంతే.

"అక్కా" అంది లింగమ్మను చూసి. "నేను మాట తప్పను. దవాఖానకొస్త. మా అమ్మ, మా అన్న బిడ్డ..."

"పో బిడ్డా, ముందుగల పో" అంది లింగమ్మ లేచి నిలబడి. "నేను ఆయనకు చెప్పుకుంట."

సంగీత బైకు తాళాలు రాజ్‌కుమార్ చేతిలోంచి తీసుకుంది. "ఎనక ఎక్కు, కోదాడ దిక్కు పోదం. ఫోన్ కలుపుతనే ఉండు."

మిర్యాలగూడ దాటేలోపు మూడుచోట్ల లారీలు అడ్డం వచ్చాయి. ఊరు దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. మిగిలిన సగం రోడ్డు మీదే బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు. వడ్ల మీదికి పోకుండా, ఎదురొచ్చే బండ్లకు తగలకుండా, ఆమె ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపింది. వెనక నుంచి ఫోన్ మోగుతున్న చప్పుడు చెవికి తగులుతోంది. మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది.

"ఎత్తుతలేరు" అన్నాడు రాజ్‌కుమార్.

"మళ్ల చెయ్."

కాల్వ మలుపు వచ్చింది. సైదయ్య ఆటో అద్దం పెంకులు మట్టిలో ఇంకా మెరుస్తున్నాయి. ఆమె అటు చూడకూడదనుకుని చూసింది. పక్కనే కల్వర్టు గోడకు ఎర్ర రంగు గీసుకుపోయి ఉంది. ఆ గోడ దగ్గర తల్లి ఐలమ్మ వంగిన నడుముతో నిలబడినట్టు ఒక్క క్షణం అనిపించింది. ఎవరో గడ్డిమోపుతో పోతున్న ముసలమ్మ.

"సంగీ" అన్నాడు వెనక నుంచి అతను. గాలికి మాటలు విరిగి వస్తున్నాయి. "నువ్వు నన్ను ఇడిసిపెట్టినా సరే. వాళ్లకేం కావొద్దు. ఏం కావొద్దు."

ఆమె ఇంకాస్త వేగం పెంచింది. అతని మీద కోపం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. కానీ ఇంకో సంగతి కూడా లోపల కెలుకుతోంది. షాపుకు వచ్చినవాళ్లు అక్క లేదా అని అడిగినప్పుడల్లా అతను పక్కకు తిరిగి ఏదో ఒకటి తుడుస్తూ కూర్చోవడం ఆమె చూసింది. చూసి, చూడనట్టే ఉంది. ఆ మాట తనకు తీపిగా ఉండేది. ఇప్పుడు ఈ రోడ్డు మీద, ఈ వేగంలో, అది తలచుకోవడానికి కూడా తీరిక లేదు. ఎదురుగా వస్తున్న ప్రతి తెల్లకారునూ నంబరు పలకతో సహా చూస్తోంది. అన్న కారు తెలుపే.

హుజూర్‌నగర్‌లో చౌరస్తా దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఎండ నెత్తిన కొడుతోంది. సంగీత ఒక కాలు నేలకు ఆనించి, ముందున్న ట్రాక్టరు ట్రాలీని పక్కకు నెట్టేద్దామన్నంత ఆత్రంగా హారన్ కొట్టింది.

అప్పుడే రాజ్‌కుమార్ చేతిలో ఫోన్ మోగింది. ఈసారి వాళ్లు చేసింది కాదు, అటు నుంచి వచ్చింది. తెర మీద అన్న పేరు.

"బావ! బావ ఫోన్!" అని ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"అన్నా! కారు ఆపు. ఉన్నకాడ్నే ఆపు. ఆడనే దిగుండ్రి, నేనొస్తున్న" అంది సంగీత ఒక్క గుక్కలో.

అవతల కాసేపు గాలి చప్పుడు, లారీలు పోతున్న హోరు. తర్వాత ఎవరిదో తెలియని గొంతు, కోదాడ వైపు యాస.

"హలో, అమ్మా, నేను మీ అన్నయ్యని కాదండి. కోదాడ రోడ్డు మీద పోతుంటే తెల్లకారు ఒకటి రోడ్డు దిగిపోయి చెట్ల దగ్గర ఆగుందండి. ముందు భాగం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఫోన్ మోగుతూనే ఉంటే లోపల చెయ్యి పెట్టి తీసి, మీకు చేశానండి."

"మా వాళ్లు? మా అమ్మ, పిల్ల ఎట్ల ఉన్నరు? జర చెప్పుండ్రి!"

"అదేనమ్మా నాకూ అర్థం కావట్లేదు" అన్నాడతను. "తలుపులు నాలుగూ తీసే ఉన్నాయి. చిన్నపిల్లవి బూట్లు ఒక జత కింద పడున్నాయి. వాళ్లే దిగి పోయారో, ఎవరన్నా ఆసుపత్రికి తీసుకుపోయారో తెలీదు. చుట్టూ చూశాను, పిలిచాను. కారులో గానీ, ఈ చుట్టుపక్కల గానీ, మనిషన్నవాళ్లు ఎవరూ లేరండి."